28వ రోజు

గౌతమి వంతెన మీద బస్సు నెమ్మదించగానే అత్తగారు కొంగుముడి విప్పి రూపాయి బిళ్ల తీసింది. కళ్లకద్దుకుని కిటికీలోంచి గోదాట్లోకి విసిరింది. పక్కన కూర్చున్న కోడలు కడుపు మీద చెయ్యి పెట్టుకుని నవ్వింది. పన్నెండో వారం. రాజమండ్రిలో మొదటి స్కాను. జొన్నాడ, కడియపులంక పూలమొక్కల వరసలు, వేమగిరి దాటి దానవాయిపేట చేరేసరికి తొమ్మిదిన్నర.

ఈ అమ్మాయికి పేరు పెట్టడం లేదు. కథలో ముందుముందు పేర్లతో వచ్చేవాళ్లంతా చరిత్రలో ఉన్నవాళ్లే, వాళ్లకు తారీఖులున్నాయి. పేరు లేని వీళ్లు మాత్రం ఏ ఒక్క ఇంటివాళ్లూ కారు. ఆస్పత్రి బెంచీల మీద రోజూ కూర్చునేవాళ్లను కలిపి అల్లుకున్న మనుషులు. వాళ్లకు జరిగేది మాత్రం ఇలాగే జరుగుతుంది.

స్కాన్ గదిలో గోడ మీద బోర్డు. కడుపులో ఉన్నది ఆడో మగో ఇక్కడ చెప్పరు, అడగడమూ నేరమే అని. 1994లో చట్టం వచ్చింది, 1996 నుంచి అమలైంది, 2003లో ఇంకా బిగిసింది. బోర్డు కింద బల్ల మీద అమ్మాయి పడుకుంది. పొట్ట మీద చల్లటి జెల్లు. భర్త తలుపు పక్కన గోడకానుకుని నిలబడ్డాడు.

"ఇదిగోనమ్మా గుండె. చూడు, టకటకా కొట్టుకుంటోంది. ఇవి చేతులు."

అయిదు సెంటీమీటర్ల చిల్లర పొడవున్న ప్రాణి తెర మీద ఎగిరి గంతేసింది. భర్త ఫోను తీయబోయి బోర్డు చూసి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. డాక్టరమ్మ ప్రోబును కొంచెం పైకి జరిపింది. అటు వంచింది, ఇటు వంచింది. మాట్లాడటం మానేసింది.

"ఏటండీ మేడం గారూ, బానే ఉందాండీ?"

"ఒక్క నిమిషం బాబూ."

ఆ నిమిషం అయిదు నిమిషాలైంది. పక్క గదిలోంచి ఇంకో డాక్టరు వచ్చి చూశాడు. తర్వాత ఆవిడ కుర్చీ అమ్మాయి వైపు తిప్పుకుంది.

"చూడమ్మా, ఈ వారానికి తల మీద పుర్రె ఎముక తెల్లగా గుండ్రంగా, చంద్రవంకలా కనపడాలి. మన పాపకి కనపడటం లేదు. కళ్ల పైన తల కట్టుకోలేదు."

భర్తకే ముందు గొంతు పెగిలింది. "బలానికి మందులేవైనా రాయండి. ఎంతైనా పర్లేదండీ."

"మందులకి రాదు బాబూ. అది కట్టుకోవలసిన రోజు నెలన్నర క్రితమే వెళ్లిపోయింది."

అనెన్‌సెఫలీ అని ఆవిడ కాగితం మీద రాసింది. ఇలాంటి బిడ్డ పుట్టినా గంటలో, ఒకటి రెండు రోజులో. ఇలాంటప్పుడు గర్భం తీసేయడానికి చట్టం ఒప్పుకుంటుందనీ, కాకినాడలోనో విశాఖలోనో ఇంకొకరికి చూపించుకుని వస్తామన్నా పర్లేదనీ, తొందరేం లేదనీ చెప్పింది. అమ్మాయి తల ఊపింది. ఏం విందో ఏం వినలేదో.

బయట బెంచీ మీద అత్తగారికి చెప్పినప్పుడు ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కాసేపటికి తేరుకుని డాక్టరమ్మ గది గుమ్మంలో నిలబడింది. "గ్రహణం నాడు కత్తిపీట ముట్టుకుందేమోనండీ. నేను చెబుతూనే ఉన్నాను. మాకు మేనరికం కూడా కాదండీ, బయటి సంబంధమే."

"గ్రహణం కాదమ్మా. పిల్ల తప్పు ఏమీ లేదు. ఆ రోజుకి తనకి నెల నిలబడిందని గట్టిగా తెలిసి కూడా ఉండదు."

ఏ రోజు?

గర్భం నిలిచిన మూడో వారంలో పిండం వీపు మీద ఒక పలక ఉంటుంది. ఆత్రేయపురం పూతరేకు ఎంత పలచనో అంతకంటే పలచన. దాని రెండంచులూ పైకి లేచి, ఒకదాన్నొకటి అందుకుని, గొట్టంలా మూసుకుంటాయి. పైన మెదడు, కింద వెన్నుపాము అయ్యేది ఆ గొట్టమే. మెడ ప్రాంతంలో మొదలైన ఆ కుట్టు రెండు వైపులా సాగుతుంది. తల వైపు కొస 25వ రోజుకు, నడుము వైపు కొస 28వ రోజుకు మూసుకోవాలి. తల వైపు తెరిచి ఉండిపోతే మెదడూ పుర్రే ఉండవు. నడుము వైపు తెరిచి ఉంటే స్పైనా బైఫిడా: బిడ్డ బతుకుతుంది, కానీ కాళ్లలో సత్తువ లేక, మూత్రం మీద పట్టు లేక, తలలో నీరు చేరి, ఆపరేషన్ల మీద ఆపరేషన్లు.

28వ రోజంటే నెల తప్పిన రెండు వారాలకు. ఈ అమ్మాయి వేళ్లు మడిచి లెక్క కట్టింది. ఆ రోజుల్లో తోడికోడలి చెల్లెలి పెళ్లికి పాలకొల్లులో ఉన్నారు. నెల తప్పింది కదా అని అనుకుంది గానీ, పెళ్లి హడావుడిలో ఎవరికి చెప్పాలి? ఇంటికొచ్చాక ఆశా కార్యకర్తకు చెప్పింది. ఆవిడ పేరు రాసుకుంది, మాత్రలిచ్చింది. బుద్ధిగా వేసుకుంది కూడా. ఆ మాత్ర ఆమె నోట్లో పడేసరికి కుట్టు పడాల్సిన చోట పడటమో, ఊడిపోవడమో అయిపోయి పది రోజులు దాటింది.

ఆ మాత్రలో ఉన్న మందు పేరు ఫోలిక్ యాసిడ్. దాన్ని ప్రయోగశాలలో తయారు చేయించిన మనిషి ఈ అమ్మాయి ఊరికి వశిష్ఠ పాయ దాటితే వచ్చే భీమవరంలో పుట్టాడు.

*

1895 జనవరి 12. భీమవరం. ఎల్లాప్రగడ జగన్నాథం, వెంకమ్మల ఏడుగురు పిల్లల్లో నాలుగోవాడు సుబ్బారావు. తండ్రి రెవెన్యూలో చిన్న ఉద్యోగి, జబ్బుతో తొందరగా ఇంటిపట్టున పడ్డాడు. పిల్లాడికి పదమూడేళ్లప్పుడు ఒక ఆలోచన వచ్చింది: కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్లు అమ్మితే బోలెడు డబ్బు. ఇల్లు వదిలి బయల్దేరాడు. వెంకమ్మ దారిలోనే పట్టుకుని వెనక్కి లాక్కొచ్చింది. అరటిపళ్ల వ్యాపారం గోదావరి మనిషికి రాకపోవడమేమిటి గానీ, ఆ తల్లి ఆ రోజు పట్టు వదిలి ఉంటే రావులపాలెం మార్కెట్లో ఇంకో షావుకారు మిగిలేవాడు.

చదువుకు రాజమండ్రి పంపింది. ఇంట్లో ఒకరి తర్వాత ఒకరు జబ్బులతో పోతున్నారు. మెట్రిక్ రెండుసార్లు తప్పాడు. మెడలో బంగారం అమ్మి వెంకమ్మ మద్రాసు పంపింది. మూడోసారి అక్కడి హిందూ హైస్కూల్లో గట్టెక్కాడు. తర్వాత మద్రాస్ మెడికల్ కాలేజీ. పెళ్లి కూడా ఆ రోజుల్లోనే నిశ్చయమైంది: మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి చదువుకు డబ్బు సాయం చేశాడు, 1919లో ఆయన కూతురు శేషగిరిని చేసుకున్నాడు. గాంధీ మాట విని ఖద్దరు గౌను తొడుక్కుని ఆపరేషన్ గదిలోకి వెళ్లినందుకు తెల్ల ప్రొఫెసరుకు కోపం వచ్చింది. ఎంబీబీఎస్ రాలేదు, కింది మెట్టు ఎల్‌ఎంఎస్ చేతిలో పెట్టారు.

ఈ సంగతులు తెలుగువాళ్లకు కొత్తవి కావు. ఈ కథకు కావలసింది మాత్రం మధ్యలో ఒక చావు, దాని వెనకే ఇంకో చావు. స్ప్రూ అనే జబ్బు. విరేచనాలు ఆగవు, నోరు పూస్తుంది, తిన్నది ఒంటికి పట్టదు, మనిషి పాలిపోయి ఎండిపోతాడు. సుబ్బారావు అన్నదమ్ములిద్దరు రోజుల తేడాలో దానికే పోయారు. తర్వాత తనకూ వచ్చింది. ఇంగ్లీషు మందుకు లొంగలేదు. ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి చేతి మందుతో లేచాడు.

ప్రాణం దక్కింది గానీ, ఆ జబ్బులో ఒంట్లో తక్కువయ్యేది ఏమిటన్న ప్రశ్న మిగిలింది. అప్పటికి దానికి పేరు కూడా లేదు.

1923 అక్టోబరులో బోస్టన్‌లో దిగాడు. చలికాలం ముందుంది, జేబులో డబ్బు లేదు. హార్వర్డ్‌లో ఉష్ణదేశాల జబ్బుల మీద చదువు, రాత్రిళ్లు ఆస్పత్రిలో రోగుల బెడ్‌పాన్లు కడిగే పని. రెండేళ్లకే అక్కడి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టాడు. దాన్ని మెడికల్ ల్యాబుల్లో ఇప్పటికీ ఆ ఇద్దరి పేర్లతోనే పిలుస్తారు. కండరంలో ఫాస్ఫోక్రియాటిన్, ఆ తర్వాత ఏటీపీ. అవన్నీ ఒక్కొక్కటీ ఒక్కో యథార్థ గాథ, ఇక్కడ చోటు లేదు. 1940లో న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లో లెడర్లీ మందుల కంపెనీకి వెళ్లాడు. అక్కడ ఆయన చేతి కింద రసాయన శాస్త్రజ్ఞుల దండు.

అప్పటికి ఆ పేరులేని పదార్థం జాడ బొంబాయిలో ఒకామె పట్టేసింది. లూసీ విల్స్. 1928లో ఇంగ్లండ్ నుంచి వచ్చింది. బొంబాయి మిల్లుల్లో పనిచేసే గర్భిణులు రక్తం లేక పాలిపోయి చచ్చిపోతున్నారు, ఎందుకో చూడమని పంపారు. వాళ్ల రక్తకణాలు తక్కువగానూ, మామూలు కంటే పెద్దవిగానూ ఉన్నాయి. లివర్ కషాయంతో తగ్గింది. రొట్టెకు రాసుకునే మార్మైట్ అనే ఈస్టు ముద్దతోనూ తగ్గింది. 1931లో ఆ సంగతి అచ్చయింది. ఏదో ఉంది, ఏమిటో తెలియదు. కొన్నాళ్లు దాన్ని విల్స్ పదార్థమనే అన్నారు. 1941లో టెక్సస్‌లో నాలుగు టన్నుల పాలకూర పిండి అదే జాతి పదార్థాన్ని చిటికెడు తీసి, ఆకు నుంచి వచ్చింది కాబట్టి లాటిన్‌లో ఆకు మాటతో ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు.

పాలకూర టన్నుల కొద్దీ పిండుతూ కూర్చుంటే జబ్బుపడ్డవాళ్లకు ఎప్పటికి అందేను? సుబ్బారావు దండు దాన్ని చేత్తో కట్టడానికి పూనుకుంది. 1945 ఆగస్టులో ఆ కబురు సైన్స్ పత్రికలో వచ్చింది: లివర్‌లో దొరికినదానికి అచ్చుగుద్దినట్టుండే పదార్థం, సీసాలో, పసుపుపచ్చటి పొడిగా. ఏడాది తిరక్కుండా క్యూబాలో, పోర్టోరికోలో స్ప్రూ రోగుల చేత తినిపించారు. కొద్ది రోజుల్లో నాలుక పూత మానింది, రక్తం పెరిగింది, అన్నం సయించింది. భీమవరం అన్నదమ్ములను తీసుకుపోయిన జబ్బు ఆ పసుపు పొడికి లొంగింది. వాళ్లు పోయి అప్పటికి పాతికేళ్ల పైమాట.

ఫోలిక్ యాసిడ్ చేసే పని ఒక్క మాటలో: కొత్త కణం పుట్టాలంటే పాత కణం తన డీఎన్‌ఏకు నకలు రాసుకోవాలి, ఆ రాతకు అక్షరాలు అందించే పనిలో ఫోలేటు ఉండాలి. కణాలు ఎక్కడ జోరుగా పుడుతున్నాయో అక్కడ దాని కరువు ముందు కనబడుతుంది. రక్తం. పేగు లోపలి పొర. కడుపులో బిడ్డ.

క్యాన్సరు కణాలు కూడా. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సరు పిల్లలకు ఫోలిక్ యాసిడ్ జాతి మందులిస్తే జబ్బు ఎగదోసినట్టయింది. అయితే దానికి ఎదురు మందు కావాలి. ఫోలిక్ యాసిడ్‌లా కనిపించి, దాని కుర్చీలో కూర్చుని, పని మాత్రం చెయ్యని దొంగ. సుబ్బారావు మనుషులు దాన్నీ చేసిచ్చారు: అమైనోప్టెరిన్. 1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు వచ్చాయి. మందుతో పిల్లల రక్త క్యాన్సరు వెనకడుగు వేయడం లోకం అప్పుడే చూసింది. దాని తమ్ముడు మెథోట్రెక్సేట్ ఈ రోజుకూ కీళ్లవాతానికి మన మందుల షాపుల్లో ఉంది. పిల్లల్ని కనాలనుకునే ఆడపిల్ల ఆ మాత్ర వాడుతుంటే డాక్టరుకు చెప్పి తీరాలి. ఎందుకో ఇంకో మూడు పేరాల్లో తెలుస్తుంది.

ఆ ఏడాది ఆగస్టు రెండో వారం మొదట్లో ఒక రాత్రి నిద్రలోనే గుండె ఆగి సుబ్బారావు పోయాడు. యాభై మూడేళ్లు. పాతికేళ్లలో ఒక్కసారి కూడా ఇంటికి రాలేదు. శేషగిరమ్మ ఇక్కడ ఎదురుచూస్తూనే ఉండిపోయింది.

*

వెన్ను గొట్టానికీ ఫోలేటుకూ ఉన్న లంకె ఆయన బతికుండగా ఎవరికీ తెలియదు. దాన్ని మొదట బయటపెట్టింది, విచిత్రంగా, ఆయన చేయించిన దొంగ మందే.

1952లో సియాటిల్ డాక్టరు థియర్ష్ ఒక రిపోర్టు రాశాడు. గర్భం నిలిస్తే ప్రాణం మీదికొచ్చే కొందరు తల్లులకు గర్భం పోవడానికి అమైనోప్టెరిన్ మాత్రలిచ్చాడు. కొందరికి పని చేసింది. పని చెయ్యని చోట బయటికి వచ్చిన పిండాల తలలు సరిగా లేవు. ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకుంటే తల కట్టుకోవడం లేదు. అంటే అసలు ఫోలిక్ యాసిడే తక్కువైతే?

ఆ ప్రశ్న అడగడానికి పదమూడేళ్లు పట్టింది. 1965లో లివర్‌పూల్‌లో హిబ్బర్డ్, స్మిథెల్స్ అనే ఇద్దరు డాక్టర్లు ఇలాంటి బిడ్డల్ని కన్న తల్లుల్లో ఫోలేటు తేడా గమనించారు. 1980లో స్మిథెల్స్ విటమిన్లు ముందునుంచే ఇచ్చి చూసి, తేడా ఉందన్నాడు. నమ్మనివాళ్లు నమ్మలేదు. చివరికి బ్రిటన్ మెడికల్ రిసెర్చ్ కౌన్సిల్ నికొలస్ వాల్డ్ ఆధ్వర్యంలో ఏడు దేశాల్లో 33 ఆస్పత్రుల్లో పరీక్ష పెట్టింది. అంతకుముందు ఒకసారి ఇలాంటి గర్భం పోగొట్టుకున్న తల్లులకే. కొందరికి గర్భానికి ముందునుంచే ఫోలిక్ యాసిడ్, కొందరికి లేదు. 1,195 కాన్పుల ఫలితం చేతికొచ్చింది. మళ్లీ గొట్టం మూసుకోని బిడ్డలు 27 మంది. మాత్ర వేసుకున్న వైపు 6, వేసుకోని వైపు 21. ఇంకా కొనసాగించి మిగతా తల్లులకు మాత్ర ఇవ్వకపోవడం అన్యాయమని 1991లో పరీక్ష మధ్యలోనే ఆపేశారు.

నాలుగింట మూడు వంతుల దాకా తప్పించవచ్చు. షరతు ఒక్కటే: ముందునుంచే వేసుకోవాలి. నెల తప్పాక కాదు.

*

బెంచీ మీద ఈ అమ్మాయి పక్కన తణుకు నుంచి వచ్చిన టీచరమ్మ కూర్చుంది. 36 ఏళ్లు, చాలా ఏళ్లకు నిలబడిన గర్భం. చేతిలో డబుల్ మార్కర్ రక్తపరీక్ష కాగితం, దాని మీద ఎర్ర సిరాతో 1:120. రాత్రంతా నిద్ర లేదు. బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉన్నట్టేనని ఆవిడ నిశ్చయించుకుంది, భర్త ఆ మాట నోటితో అనలేక కారు పార్కింగు చూసొస్తానని పోయాడు.

రెండు కథలూ ఒకటి కావు. ఇదిక్కడ చెప్పకపోతే నష్టం. వెన్ను గొట్టం సంగతి వేరు, క్రోమోజోముల సంగతి వేరు. 21వ క్రోమోజోము రెండుకు బదులు మూడు రావడం వల్ల డౌన్ సిండ్రోమ్ వస్తుందని 1959లో పారిస్‌లో లెజూన్ బృందం చెప్పింది. అది చాలావరకు అండం తయారయ్యేటప్పుడే జరిగే పొరపాటు, తల్లి వయసుతో పెరుగుతుంది, ఏ మాత్రా ఆపలేదు. కడుపులో చూసే పరీక్షలకు మాత్రం రెండింటికీ ఒకటే పుట్టిల్లు. 1972లో ఎడింబరోలో బ్రాక్, సట్‌క్లిఫ్ తెరుచుకున్న వెన్ను నుంచి ఏఎఫ్‌పీ అనే ప్రోటీను ఉమ్మనీటిలోకి ఎక్కువగా కారుతుందని కనిపెట్టారు. తర్వాత దాన్ని తల్లి రక్తంలోనే కొలవసాగారు. ఎక్కువుంటే అనుమానం, తక్కువుంటే హమ్మయ్య. న్యూయార్క్‌లో ఒక తల్లికి అలాగే తక్కువొచ్చింది, ఏం పర్లేదన్నారు. పుట్టిన బిడ్డకు 18వ క్రోమోజోము మూడు. ఆ తల్లి ఊరుకోలేదు. ఆ తక్కువకూ దీనికీ సంబంధం లేదా అని డాక్టర్లను నిలదీసింది. మెర్కట్జ్ బృందం పాత రికార్డులు తిరగేసింది. సంబంధం ఉంది. 1984లో అచ్చయింది. ఈ రోజు తణుకు టీచరమ్మ చేతిలో ఉన్న కాగితానికి మూలపురుషుడు శాస్త్రవేత్త కాదు, సమాధానానికి తృప్తిపడని ఒక తల్లి.

1990ల్లో లండన్‌లో నికొలైడిస్ బిడ్డ మెడ వెనక నీటి పొర మందం కొలిచే ఎన్‌టి స్కాన్ తెచ్చాడు. 11 వారాలు నిండాక, 14 వారాలు నిండేలోగానే అది. 1997లో డెనిస్ లో బిడ్డ డీఎన్‌ఏ తుంపులు తల్లి రక్తంలో తేలుతుంటాయని చూపించాడు, దాని మీదే ఇప్పటి ఎన్‌ఐపీటీ పరీక్ష. ఇవన్నీ జల్లెడలు. జల్లెడలో నిలిచిందల్లా రాయి కాదు.

డాక్టరమ్మ టీచరమ్మకు చెప్పింది అదే. "మీలాంటి కాగితం పట్టుకుని 120 మంది ఇక్కడి నుంచి పుష్కరాల రేవు దాకా వరసగా నిలబడ్డారనుకోండి. అందులో ఒక్కరి బిడ్డకి ఉంటుంది. 119 మంది బిడ్డలకి ఉండదు. మీరు ఆ ఒక్కరా కాదా అని తేల్చుకోవాలంటే ఎన్‌ఐపీటీ చేయించుకోవచ్చు. అందులో అనుమానం వస్తే 16వ వారంలో ఉమ్మనీరు తీసి చూస్తాం. అప్పటిదాకా ఏ నిర్ణయమూ వద్దు. తేలాక కూడా నిర్ణయం మీదే, నాది కాదు." ఉమ్మనీరు తీసేముందు సంతకం పెట్టే కాగితం తల్లికి తెలిసిన భాషలో ఉండాలనీ, నకలు ఆమె చేతికివ్వాలనీ చట్టంలోనే ఉంది. మన వైపు అడిగేవాళ్లు తక్కువ. అడగాలి.

అత్తగారు ఎత్తిన మేనరికం మాట కూడా గాలి మాటేం కాదు, కాకపోతే అది మూడో కథ. పిఠాపురంలో 1937లో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు కలకత్తా వెళ్లి జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్‌కు శిష్యుడయ్యాడు. డాక్టర్ మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రలో మేనమామ, మేనబావ సంబంధాలెన్నో, వాటి ఫలితమేమిటో లెక్క తీసి 1960ల మొదట్లో అచ్చు వేశాడు. మేనమామను చేసుకుంటే పుట్టే బిడ్డలో ఏ జన్యువైనా రెండు వైపులా ఒకే పెద్దల నుంచి దిగడానికి ఎనిమిదింట ఒక వంతు అవకాశం, మేనబావ అయితే పదహారింట ఒకటి. తలసీమియా లాంటి దాగున్న జబ్బులు పైకి తేలడానికి అదే దారి. డౌన్ సిండ్రోమ్‌కు దానితో పని లేదు. పెళ్లి సంబంధాలప్పుడు ఏడు తరాల చుట్టరికం అప్పజెప్పే మన పెద్దవాళ్లు, స్కాన్ గదిలో మీ ఇంట్లో చిన్నప్పుడే పోయిన పిల్లలున్నారా అని అడిగితే మాత్రం ఎవరూ లేరనేస్తారు.

*

ఆ అమ్మాయికి వారం తర్వాత అంతా అయిపోయింది. రెండో డాక్టరు కూడా అదే చెప్పాడు. తిరుగు ప్రయాణంలో వంతెన మీద బస్సు నెమ్మదించింది గానీ అత్తగారు కొంగుముడి ముట్టుకోలేదు. కోడలి తల తన భుజం మీదికి వంచుకుని కూర్చుంది.

మూడు నెలలకు మళ్లీ రమ్మన్నారు, ఈసారి గర్భం లేకుండానే. చీటీ మీద ఫోలిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాములు అని రాసి డాక్టరమ్మ కింద గీత గీసింది. ఒకసారి ఇలా అయినవాళ్లకు పెద్ద మోతాదు. మామూలుగా పిల్లల్ని కనాలనుకునే ఏ అమ్మాయికైనా రోజుకు 400 మైక్రోగ్రాములు చాలు, గర్భానికి ముందు మొదలుపెట్టి పన్నెండో వారం దాకా. గవర్నమెంటు ఇచ్చే ఎర్ర ఐరన్ మాత్రలోనూ ఫోలిక్ యాసిడ్ ఉంది, అది రక్తానికి, నాలుగో నెల నుంచి మొదలవుతుంది. మందుల షాపులో ఈ మాత్ర ఖరీదు టీ కంటే తక్కువ. పెళ్లి సారెలో పీట నుంచి ఫ్రిజ్ దాకా పెడతాం, ఈ మాత్రల షీటు పెట్టమని ఎవరికీ తోచలేదు.

"ఇప్పుడే ఎందుకండీ, ఇంకా ఏం లేదు కదా?" అన్నాడు భర్త.

"ఇప్పుడే కావాలి బాబూ. ఏమీ లేనప్పుడే. ఏమైనా ఉందని తెలిసేసరికి దీని పని అయిపోతుంది."

డెల్టాలో అన్నానికి కరువు లేదు. తెల్లగా పాలిష్ పట్టిన సన్నబియ్యం అన్నం, మూడు పూటలా. దానిలో ఫోలేటు అంతంత మాత్రం. గోంగూర, తోటకూర, పాలకూర, పెసలు, సెనగల్లో ఉంది గానీ ఎక్కువసేపు ఉడికిస్తే చాలావరకు నీళ్లలో పోతుంది. అందుకే ప్రభుత్వం రేషన్ బియ్యంలో నూటికి ఒక గింజ చొప్పున తయారుచేసిన గింజలు కలపడం మొదలుపెట్టింది, 2024 నాటికి దేశమంతా అందాయి. కిలో బియ్యానికి ఇనుము 28 మిల్లీగ్రాముల పైన, ఫోలిక్ యాసిడ్ 75 నుంచి 125 మైక్రోగ్రాములు, కాస్త బీ12. కొంచెం పసుపుగా, కొంచెం వేరేగా ఉండే ఆ గింజల్ని చూసి ప్లాస్టిక్ బియ్యమని ఊళ్లలో గగ్గోలు పుట్టింది. చేటలో పోసి, ఒక్కొక్క గింజా ఏరి, పెరట్లో పారేశారు. నీళ్లలో పోసి తేలినవి వార్చేశారు.

ఈ ఇంట్లో రేషన్ బియ్యం ఇడ్లీ పిండికే. ఆదివారం మధ్యాహ్నం అత్తగారు అరుగు మీద చేట ముందేసుకుని కూర్చుంది. వేలితో జరిపి జరిపి, పసుపు గింజల్ని పక్కన కుప్ప పోస్తోంది. కోడలు లోపలి నుంచి మంచినీళ్ల గ్లాసుతో వచ్చింది. చేతిలో మాత్ర.

"అవి ఏరకండి అత్తయ్యా."

"ప్లాస్టిక్కంటగదే."

"కాదంట. ఇదే అంట అందులో ఉన్నది." అరచెయ్యి తెరిచి మాత్ర చూపించింది. చిన్నది, పసుపుపచ్చది.

అత్తగారు కళ్లజోడు సర్దుకుని మాత్ర వంక చూసింది, గింజల వంక చూసింది. కోడలు మాత్ర వేసుకుని, నీళ్లు తాగి, గోడ మీద వెంకట్రామా క్యాలెండర్లో ఆ రోజు గడిలో పెన్సిలుతో చిన్న చుక్క పెట్టి లోపలికి వెళ్లింది. అరుగు మీద అత్తగారు పక్కన పోసిన కుప్పను గుప్పిట్లోకి తీసుకుని, కాసేపు అలాగే పట్టుకుని, మళ్లీ చేటలోకి వదిలింది.